గుండుకీ గొట్టానికీ మధ్య ఎడం

మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌కు ఎంత లావు సీసపు గుండు పోత పోయాలి అన్నది ఈ వేళ ప్రసంగ విషయం. వినడానికి సులువైన లెక్కే అనిపిస్తుంది. గొట్టం లోపల ఎంత వెడల్పుందో కొలిచి, సరిగ్గా అంతే లావు గుండు పోసుకుంటే పని అయిపోతుందనుకుంటాం. కానీ అలా పోసిన గుండు మొదటిసారే బలవంతం మీద దిగుతుంది. నాలుగైదు సార్లు కాల్చాక సగం దారిలో బిగుసుకుపోయి, ఎంత తోసినా కదలదు. మరీ సన్నగా పోస్తే ఇంకో చిక్కు. మందు మండి పుట్టిన వాయువు గుండు పక్కల నుంచే తప్పించుకుపోతుంది, గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. ఈ రెండింటి నడుమ ఎక్కడో సరైన కొలత ఉంది. నేను చెప్పదలచింది ఇది: గుండు కొలతను నిర్ణయించడమంటే గుండుకీ గొట్టానికీ మధ్య ఎంత ఎడం విడిచిపెట్టాలో నిర్ణయించడమే. ఆ ఎడంలో చేరబోయే కాగితాన్నీ, కొవ్వునూ, మసినీ ముందే లెక్కలోకి తీసుకోవాలి. శుభ్రంగా తుడిచి పెట్టిన గొట్టం ఒక్కదాన్నే కొలిచి తేల్చుకున్న కొలత యుద్ధభూమిలో నిలవదు. దీనికి గట్టి సాక్ష్యం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. 1857కి కాస్త ముందూ వెనకా మన దేశంలోనే, ఎన్‌ఫీల్డ్ రైఫిల్ రూపంలో అది కనిపిస్తుంది.

ముందుగా పాత కాలపు నున్న గొట్టం తుపాకీని చూద్దాం. బ్రౌన్ బెస్ అని పేరుపడ్డ ఆ మస్కెట్టే ఈస్టిండియా కంపెనీ సైన్యాలన్నిటికీ ఆధారం. మద్రాసు సైన్యంలో చేరిన తెలుగు సిపాయిల భుజాన ఉన్నదీ అదే. దాని గొట్టం లోపలి వ్యాసం సుమారు ముప్పాతిక అంగుళం. అందులో వేసే గుండ్లు పౌను సీసానికి 14 చొప్పున పోసేవారు. మన ఊళ్ళలో వేట తుపాకీని 12 బోర్ అంటారే, ఆ లెక్క కూడా ఇలాంటిదే. పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం వ్యాసం అంత అని అర్థం. 14 గుండ్ల లెక్కన ఒక్కో దాని వ్యాసం అంగుళంలో వెయ్యింట 690 వంతులకు కాస్త పైన తేలుతుంది. అంటే గుండు కంటే గొట్టం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు వెడల్పు. ఇది తెలియక చేసిన పని కాదు. గొట్టంలో ఎంత మసి పేరుకున్నా గుండు జారుకుంటూ దిగాలి, సిపాయి నిమిషానికి మూడుసార్లు కాల్చగలగాలి. ఆ వేగం కోసం గురిని వదులుకున్నారు. నూరు గజాలు దాటాక ఒక మనిషిని చూసి కొట్టడం దాదాపు అదృష్టమే. అయితే ఈ ఏర్పాటులో ఒక సుఖం ఉంది. ఎడం అంత ఎక్కువగా ఉన్నప్పుడు గుండుకు ఏ కొవ్వూ రాయనక్కర్లేదు. పొడి కాగితంలో చుట్టిన తూటా కొసను పంటితో కొరికి, మందు పోసి, గుండు వదిలితే చాలు. తరతరాల సిపాయిలు ఏ అభ్యంతరమూ లేకుండా ఆ తూటా కొరికారు.

రైఫిల్ వచ్చేసరికి ఈ సుఖం పోయింది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుంటేనే తన చుట్టూ తాను తిరుగుతూ బయటికి వస్తుంది, దారి తప్పకుండా పోతుంది. పట్టుకోవాలంటే బిగువుండాలి. మూతి నుంచి కిందికి తొయ్యాలంటే వదులుండాలి. మూతి నుంచి నింపే ప్రతి రైఫిల్‌కూ ఇదే ధర్మసంకటం. 1800లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన బేకర్ రైఫిల్ గొట్టం అంగుళంలో వెయ్యింట 625 వంతులు, గుండు 615 వంతులు. మధ్యలో ఉన్న 10 వంతుల్లో కొవ్వు పూసిన గుడ్డ ముక్కనో తోలు ముక్కనో ఇరికించేవారు. తొలినాళ్ళలో ఆ గుండును దింపడానికి సైనికులకు చిన్న చెక్క సుత్తులు కూడా ఇచ్చారంటే బిగువు ఏ పాటిదో ఊహించుకోవచ్చు. ఫ్రెంచి అధికారులు మరో దారి వెతికారు. 1826లో దెల్విన్య్ వదులుగా దిగే గుండును అడుగున కడ్డీతో మోది వెడల్పు చేయించాడు. తువెనాఁ గొట్టం అడుగున ఒక ఉక్కు మేకు నిలిపి దాని మీద గుండును మోదించాడు. 1849లో క్లోద్ ఎతియెన్ మినియే ఆ మోదే పనిని మందుకే అప్పగించాడు. మొన కోసుగా, అడుగు బోలుగా ఉండే గుండు అది. దిగేటప్పుడు సన్నగా ఉంటుంది, పేలగానే వాయువు ఆ బోలులో నిండి సీసాన్ని పక్కలకు నెట్టి గాడుల్లోకి దూరుస్తుంది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఆలోచనకు అతనికి 20,000 పౌన్లు ఇచ్చింది. అంతకు చాలా ముందే, 1835లోనే, ఉబ్బే గుండును చేసి చూపిన విలియం గ్రీనర్‌కు 1857లో వెయ్యి పౌన్లు దక్కాయి. ఆ తేడా నాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు ఎన్‌ఫీల్డ్ దగ్గరికి వద్దాం. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 577 వంతులు. దానికి మొదట నిర్ణయించిన గుండు 568 వంతులు. తేడా 9 వంతులు, మన లెక్కలో మిల్లీమీటరులో నాలుగో వంతుకు కూడా రాదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడం నుంచి ఒక్క తరంలో ఇక్కడికి వచ్చారు. పైగా ఆ కాస్త సందులో ఉత్త గాలి ఉండదు. ఎన్‌ఫీల్డ్ తూటాలో గుండు చుట్టూ కాగితం ఉంటుంది, ఆ కాగితంతో సహా గుండు గొట్టంలోకి పోతుంది. కాగితం మీద కొవ్వు ఉంటుంది. అంతకు ముందు కాల్చిన మందు తాలూకు మసి గొట్టం గోడలకు అంటుకొని ఉంటుంది. నల్ల తుపాకిమందు పూర్తిగా వాయువుగా మారదు. దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో కలిసి బయటికి పోయినా తక్కినది లోపలే పేరుకుంటుంది. గాలిలో తేమ ఉంటే ఆ మసి మెత్తబడుతుంది. పొడిగా, వేడిగా ఉంటే పెంకులా గట్టిపడుతుంది. ఇంగ్లాండు చెమ్మలో పరీక్షించి ఖాయం చేసిన కొలత ఉత్తర భారత వేసవిలో ఎందుకు మొరాయించిందో ఇక్కడే తెలుస్తుంది.

వేడికి సీసం వ్యాకోచించి గుండు లావెక్కిందేమోనని ఎవరైనా అనవచ్చు. లెక్క వేసి చూస్తే ఆ అనుమానం నిలవదు. వాతావరణం 25 సెంటీగ్రేడ్ డిగ్రీలు వేడెక్కితే ఆ గుండు వ్యాసం పెరిగేది మిల్లీమీటరులో నూరో వంతు. ఇనుప గొట్టం కూడా అందులో సగం దాకా వ్యాకోచిస్తుంది. కాబట్టి నికరంగా బిగిసేది లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత స్వల్పం. నేరం లోహానిది కాదు, లోహాల మధ్య ఉన్నదానిది. పశువుల కొవ్వు 45 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది. ఎండలో నడిచే సైనికుడి తోలు సంచిలో ఆ వేడి పుట్టడం ఎంతసేపు? కరిగిన కొవ్వు గుండు పక్కన నిలవకుండా కాగితంలోకీ, మందులోకీ పాకుతుంది. ఎక్కడ ఉండాలో అక్కడ ఎండిపోతుంది. నిలవ ఉన్న కొవ్వు పుల్లబడి సీసాన్ని తింటుంది, గుండు మీద తెల్లని పొర కట్టి దాని లావును పెంచుతుంది. అంటే అదే పెట్టెలోంచి తీసిన తూటా కొత్తలో ఒక కొలత, ఏడాది పోయాక ఇంకో కొలత. ఎడ్లబండి ఇరుసుకీ చక్రానికీ మధ్య కందెన ఎండిపోతే ఏమవుతుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇరుసూ మారలేదు, చక్రమూ మారలేదు, అయినా బండి కదలదు. మైనం 62 డిగ్రీల దాకా కరగదు. అందుకే తరువాతి రోజుల్లో కందెనలో కొవ్వు పాలు తగ్గించి మైనం పాలు బాగా పెంచారు.

ఈ కందెన చుట్టూ నడిచిన చరిత్ర మనందరికీ తెలుసు. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట దండు బజార్లలో పాకడం, 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడటం, ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది ఆశ్వికులు తూటాలు ముట్టమనడం, మే 10న నిప్పు రాజుకోవడం, ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు సాధారణంగా వదిలేసే ప్రశ్న ఒకటుంది. అసలు ఆ తూటాకు కొవ్వెందుకు? బ్రౌన్ బెస్ తూటాకు లేని అవసరం ఎన్‌ఫీల్డ్ తూటాకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎడం తగ్గడం వల్ల వచ్చింది. ఎడం తగ్గినకొద్దీ ఆ ఎడాన్ని నింపే పదార్థం ముఖ్యమవుతుంది. ఆ పదార్థం ఏమిటన్నది ఆయుధశాలలో కూర్చున్న కొలతగాడికి చిన్న వివరం, తూటాను నోట కరుచుకునే మనిషికి మాత్రం అది ధర్మానికీ కులానికీ సంబంధించిన విషయం. 1853లోనే కొవ్వు పూసిన తూటాలను ఈ దేశానికి పంపి పరీక్షించారు. వాటిలో పరీక్షించింది కొవ్వు ఈ వాతావరణానికి తట్టుకుంటుందా అన్నది. సిపాయి దాన్ని తట్టుకుంటాడా అన్న ప్రశ్నను కొందరు అధికారులు అప్పుడే లేవనెత్తినా పై వాళ్ళు పట్టించుకోలేదు. కాగితం మీద పుట్టిన అనుమానానికి మూలం కూడా కొలతే. సన్నని గొట్టంలోకి పోవాల్సిన తూటాకు పాతదానికంటే పలచని, గట్టి కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం నున్నగా మెరిసింది. ఆ మెరుపు కొవ్వుదేనని సిపాయిలు అనుకున్నారు. కొరికే కొస వేరు, కొవ్వు పూసిన కొస వేరు అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ ఎండకు కరిగిన కొవ్వు ఆ చివర నుంచి ఈ చివరకు కాగితం వెంట పాకదని ఎవరు హామీ ఇవ్వగలరు?

ఇక్కడ చరిత్రకారులు లేవదీయగల అభ్యంతరం గట్టిది. అంత పెద్ద తిరుగుబాటును అంగుళంలో వెయ్యింట 9 వంతులకు కుదించడం అన్యాయం అంటారు. నేనూ ఆ పని చేయను. 1856లో అవధ్‌ను కలుపుకోవడం, అదే ఏడు సముద్రం దాటి పనిచేయక తప్పదంటూ కొత్తగా చేరే సిపాయిలకు పెట్టిన షరతు, భూమి శిస్తుల భారం, అధికారులకూ సిపాయిలకూ మధ్య పెరిగిన దూరం, ఇవన్నీ లేకుండా ఒక్క తూటా ఒక దేశాన్ని కదిలించేది కాదు. మీరట్‌లో నిరాకరించినవి పాత రకం తూటాలేనన్నది కూడా అదే చెబుతుంది. అప్పటికే నమ్మకం చచ్చిపోయింది. నా వాదన ఇంతకంటే చిన్నది, అందుకే ఇంకా గట్టిదని నమ్ముతాను. ఆయుధశాల వాళ్ళు గుండు కొలతను గొట్టంతో మాత్రమే సరిపోల్చి, మధ్యలోని పదార్థాన్ని తరువాత చూసుకోవచ్చు అనుకున్నారు. ఆ పదార్థమే యంత్రపరంగానూ, మనుషుల పరంగానూ వాళ్ళ మెడకు చుట్టుకుంది. 1857 జనవరి చివర్లో ప్రభుత్వం సిపాయిలు తమకు ఇష్టమైన కందెన తామే పూసుకోవచ్చని అనుమతించింది. శిక్షణ కేంద్రాల్లో నెయ్యీ మైనమూ కలిపి వాడారు. నెయ్యి ఒక్కటే అయితే ఎండాకాలంలో నీరై కారిపోతుంది, మైనం కలిపితే నిలుస్తుంది. యంత్రానికి అక్కరకొచ్చేదీ, సిపాయికి అభ్యంతరం లేనిదీ ఒకటే పదార్థమన్న మాట. కానీ అప్పటికే ఆలస్యమైంది.

తిరుగుబాటు అణచివేతలో ఎన్‌ఫీల్డ్ వాడిన దళాల నుంచి దట్టించడం కష్టమవుతోందన్న ఫిర్యాదులు వచ్చాయి. దానికి ఆయుధశాల ఇచ్చిన జవాబే నా వాదనకు అసలు సాక్ష్యం. 1850ల చివరికల్లా గుండు వ్యాసాన్ని 568 నుంచి 550 వంతులకు తగ్గించారు. ఎడం 9 నుంచి 27 వంతులైంది, సరిగ్గా మూడు రెట్లు. గొట్టం వ్యాసాన్ని ముట్టుకోలేదు. గొట్టం అడుగున లోతుగా ఉండి మూతి వైపు వచ్చేసరికి తగ్గే గాడులను కూడా ఆ రోజుల్లోనే ప్రవేశపెట్టారు, అది వేరే సంగతి. గుండును సన్నం చేసినా గురి చెడలేదు. కారణం, పెరిగిన ఎడంలో చాలా భాగాన్ని కాగితమూ మైనమూ ఆక్రమించాయి, మిగిలినదాన్ని బోలు అడుగు ఉబ్బి పూడ్చింది. బిగువు పెంచుకుంటూ పోతే గురి పెరుగుతుందన్న నమ్మకానికి ఇంతకంటే స్పష్టమైన ఖండన నాకు తెలియదు.

అయినా ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు, దానికీ ఒక గొప్ప ఉదాహరణ ఉంది. జోసెఫ్ విట్‌వర్త్ అనే యంత్రశిల్పి అంగుళంలో వెయ్యింట 451 వంతుల గొట్టాన్ని ఆరు పలకలుగా మలిచి, దానికి అతికినట్టు సరిపోయే ఆరు పలకల గుండు చేశాడు. 1857లో ఇంగ్లాండులోని హైత్‌లో జరిగిన పరీక్షల్లో 500 గజాల దూరాన ఎన్‌ఫీల్డ్ గుండ్లు సగటున 27 అంగుళాలు చెదిరితే, విట్‌వర్త్ గుండ్లు చెదిరింది నాలుగున్నర అంగుళాలు. ఈ అంకెలు చూశాక బిగువే సర్వస్వం అనాలనిపించడం సహజం. కానీ సైన్యం ఆ రైఫిల్‌ను అందరికీ ఇవ్వలేదు. ఖరీదు ఒక కారణం. గొట్టంలో మసి త్వరగా పేరుకుని దట్టించడం కష్టం కావడం రెండో కారణం. తీరికగా గురిపెట్టి, ప్రతి గుండుకీ గొట్టం తుడుచుకోగలిగినవాడికి అది అద్భుతమైన ఆయుధమే. పైగా ఆ గురిలో ఎంత భాగం అతుకుది, ఎంత భాగం మెలికది అన్నది కూడా చూడాలి. విట్‌వర్త్ గాడులు 20 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి, ఎన్‌ఫీల్డ్‌వి 78 అంగుళాలకు ఒక చుట్టు. పొడుగాటి సన్నని గుండును నాలుగు రెట్లు వేగంగా తిప్పితే అది స్థిరంగా పోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఘనత మొత్తాన్నీ బిగువు ఖాతాలో వేయడం సరికాదు.

మరో వైపు నుంచి ఇంకో వాదన వస్తుంది. గుండు ఎలాగూ ఉబ్బుతుంది కదా, అలాంటప్పుడు కొలత గురించి ఇంత తర్జనభర్జన ఎందుకు, కాస్త సన్నగా పోసేసి ఊరుకుంటే పోదా అని. ఉబ్బడానికి హద్దులున్నాయి. సీసం స్వచ్ఛంగా, మెత్తగా ఉంటేనే అది ఉబ్బుతుంది. పాత అచ్చు అక్షరాల లోహమో, బండి చక్రాలకు బిగించే తూకపు ముక్కలో కరిగించి పోస్తే అందులోని ఆంటిమొనీ, తగరం సీసాన్ని గట్టిపరుస్తాయి. విశేషమేమంటే, కరిగిన సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, ఆంటిమొనీ కలిసినది అంతగా కుంచించుకోదు. అందువల్ల ఒకే అచ్చులో పోసిన రెండు గుండ్లలో గట్టి లోహానిది కాస్త లావుగా వస్తుంది. దిగేటప్పుడు అది బిగుస్తుంది, పేలినప్పుడు ఉబ్బదు. రెండు వైపులా నష్టమే. అచ్చు మీద చెక్కిన అంకెను నమ్మినవాడు ఇక్కడే మోసపోతాడు. మరీ సన్నని గుండుతో ప్రమాదం కూడా ఉంది. తుపాకీ మూతి కిందికి వంచితే అది మందు మీద నుంచి జారి గొట్టం మధ్యకు వస్తుంది. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఏర్పడ్డ స్థితిలో పేలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. ఎడం ఉండాలి అంటే ఎంతైనా ఉండవచ్చని కాదు. కాగితమూ కందెనా కలిసి గుండును దాని చోట నిలిపి ఉంచగలిగినంత ఎడమే ఉండాలి.

అమెరికా అంతర్యుద్ధం ఇదే పాఠాన్ని మరో కోణం నుంచి చూపింది. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ మినియే గుండు బోలు అడుగులో పెట్టే ఇనుప గిన్నెను తీసేసి సులువు చేశాడు. 1855 నుంచి అమెరికా సైన్యం దాన్ని వాడింది. ఆ సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం 580 వంతులు, దిగుమతి చేసుకున్న ఎన్‌ఫీల్డ్ 577 వంతులు. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు అతికినట్టు పోసిన గుండు, మసి పట్టిన ఎన్‌ఫీల్డ్‌లో దిగదు. ఎన్‌ఫీల్డ్‌కు పోసినది రెండింటిలోనూ దిగుతుంది. లక్షల మంది సైనికులు, రెండు రకాల గొట్టాలు ఉన్న చోట తెలివైన నిర్ణయం చిన్న గొట్టానికి కొలత తీసుకోవడమే. 1866లో బ్రిటన్ ఎన్‌ఫీల్డ్‌లను వెనక నుంచి నింపే స్నైడర్ రైఫిల్‌గా మార్చడం మొదలుపెట్టింది. గుండు ఇక గొట్టం పొడవునా చేతితో దిగాల్సిన పని లేకపోయింది కాబట్టి ఆ పాత ధర్మసంకటం సైన్యాల్లో క్రమంగా తెరమరుగైంది.

ఈ కొలతల విద్య మాత్రం పోలేదు. అమెరికాలో 1950 నుంచి నడుస్తున్న నార్త్ సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ పోటీల్లో అంతర్యుద్ధ కాలపు రైఫిళ్ళనూ వాటి నకళ్ళనూ ఇప్పటికీ కాలుస్తున్నారు. అక్కడి అనుభవజ్ఞులు తుపాకీ మీద ముద్రించిన అంకెను చూసి గుండు పోయరు. తమ గొట్టం అసలు వ్యాసాన్ని తాము కొలుచుకుంటారు. కాగితం చుట్టకుండా ఉత్త కందెనతో దట్టించే మినియే గుండునైతే దానికంటే వెయ్యింట ఒకటి రెండు వంతులు సన్నగా, మెత్తని సీసంతో సిద్ధం చేసుకుంటారు. కందెనలో మైనం ఎంత, కొవ్వో నూనెయో ఎంత అన్నది ఆ రోజు ఎండను బట్టి మారుస్తారు. ఆ గుండు తమ రైఫిల్‌కు సరిపోయిందో లేదో తేల్చుకునేది మొదటి గుండుతో కాదు. తుడవకుండా వరసగా కాలుస్తూ పోయి, పదో గుండు కడ్డీ బరువుకు ఒకే తీరున అడుగుకు దిగిందా, అదీ మొదటి గుండ్ల గుంపులోనే తగిలిందా అని చూస్తారు. దిగకపోతే ముందు కందెన మారుస్తారు, ఆ తరువాతే గుండును ఇంకో వెయ్యో వంతు తగ్గిస్తారు.